థ్రాటిల్ లాక్: చేతికి సుఖమే, కానీ క్రూజ్ కంట్రోల్ కాదు

నాది పాత బైక్, కేబుల్ థ్రాటిల్ (యాక్సిలరేటర్ గ్రిప్ తిప్పితే తీగ లాగేది). రైడ్-బై-వైర్ (తీగ బదులు ఎలక్ట్రానిక్ సిగ్నల్‌తో నడిచే థ్రాటిల్) లేదు కాబట్టి, వేగాన్ని తనంతట తానే నిలిపి ఉంచే ఎలక్ట్రానిక్ క్రూజ్ కంట్రోల్ మీద ఆశ పెట్టుకోకుండా, గ్రిప్ పక్కన బిగించి దాన్ని తిప్పిన చోటే పట్టి ఉంచే థ్రాటిల్ లాక్ కొన్నాను. హైవే మీద కాసేపటికే కుడి చెయ్యి తిమ్మిరెక్కేది. ఇప్పుడు బొటనవేలితో బటన్ నొక్కి, వేళ్లు ఓసారి విదిలించుకుని మళ్లీ పట్టుకుంటున్నా. పెట్టిన డబ్బుకు ఈ సుఖం ఒక్కటే చాలు.

అయితే ఇది పట్టి ఉంచేది థ్రాటిల్‌ని, వేగాన్ని కాదు. ఎత్తు ఎక్కితే బండి నెమ్మదిస్తుంది, పల్లంలో తన్నుకుపోతుంది. అసలైన క్రూజ్ కంట్రోల్ బ్రేకో క్లచ్చో నొక్కగానే వదిలేస్తుంది. దీనికి ఆ తెలివి లేదు. లాక్‌లో ఉండగా క్లచ్ పట్టారా, ఇంజిన్ ఒక్కసారిగా గీపెడుతుంది. అందుకే లాక్‌లో ఉన్నా మణికట్టు తిప్పితే థ్రాటిల్ మూసుకునేంత పట్టే ఉండాలి, అంతకుమించి వద్దు.

లాక్ తీశాక గ్రిప్ వదిలితే టక్కున వెనక్కి రావాలి. నాది మొదట మందంగా కదిలింది. రబ్బరు అంచు లాక్‌కి రాసుకుంటోంది. బ్లేడుతో సన్నటి పొర తీసేశాక సర్దుకుంది. హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పి కూడా చూసుకోండి. ట్రాఫిక్‌లో, వానలో నేనసలు దాని జోలికే పోను.

నచ్చనిదల్లా బటన్లు. లాక్, అన్‌లాక్ రెండూ ఒకే సైజు, ఒకే నునుపు. మందపాటి గ్లవ్స్‌తో ఏది ఏదో తెలిసి చావదు.