పాత గుండ్లను గుర్తుపట్టడానికి 150 మి.మీ. డిజిటల్ కాలిపర్

పాత ఫిరంగి గుండ్లు, సీసపు గుండ్లు సేకరించేవారికి 150 మి.మీ. డిజిటల్ కాలిపర్ (వస్తువును రెండు దవడల మధ్య పట్టి కొలతను అంకెల్లో చూపే పరికరం) ఎంతవరకు ఉపయోగపడుతుందో, ఏడాదిగా వాడుతున్న అనుభవంతో రాస్తున్నాను.

దీన్ని కొనడానికి కారణం నాకు జరిగిన మోసం. పాత సామాన్ల వ్యాపారి ఒకరు టిప్పు సుల్తాను కాలపు ఫిరంగి గుండు అని అమ్మినదాన్ని దవడల మధ్య పెట్టి ఎటు నుంచి కొలిచినా 75 మి.మీ. వచ్చింది, తూకం 1,720 గ్రాములు. ఆ వ్యాసం గల గోళం ఘనపరిమాణం సుమారు 221 ఘన సెంటీమీటర్లు కాబట్టి సాంద్రత 7.8 దాకా తేలింది, అది ఉక్కు లెక్క. పోత ఇనుప గుండయితే సాంద్రత 7.2కు అటూఇటూగా ఉండి, దాదాపు 130 గ్రాములు తక్కువ తూగాలి. పోత గుండ్ల మీద తరచూ కనిపించే అచ్చు అతుకు గీత కూడా దీనికి లేదు. సిమెంటు ఫ్యాక్టరీల బాల్ మిల్లుల్లో క్లింకర్‌ను (కొలిమిలో కాలి వచ్చే సిమెంటు గడ్డలను) పొడి చేసే గుండ్లు అచ్చం ఇలాగే ఉంటాయి. నాకు అంటగట్టింది అదేనని ఇప్పుడు నమ్ముతున్నాను.

సీసపు గుండ్ల విషయంలో ఈ పరికరం నిజంగా మెచ్చుకోదగ్గది. నా దగ్గరున్న ఒకటి 17.4 మి.మీ., 31 గ్రాములు. ఈస్టిండియా కంపెనీ సిపాయిలు వాడిన బ్రౌన్ బెస్ తుపాకీ గొట్టం లోపలి వ్యాసం 0.75 అంగుళం కాగా, గొట్టంలో మసి పేరుకున్నా సులువుగా దిగేందుకు గుండును దాదాపు 0.69 అంగుళానికి, అంటే 17.5 మి.మీ.కు పోసేవారు. ఎన్‌ఫీల్డ్, స్నైడర్ అనే పాత రైఫిళ్ల తూటాల అడుగున ఉండే గుంట లోతును కాలిపర్ చివరి సన్నని కడ్డీతో కొలవవచ్చు. అయితే ఉక్కు దవడలు సీసం మీది తెల్లని పొరను గీరేస్తాయి కనుక వీటికి ప్లాస్టిక్ కాలిపర్ మేలు.

లోపాలూ ఉన్నాయి. దవడల పొడవు 40 మి.మీ. మాత్రమే కాబట్టి 80 మి.మీ. దాటిన గోళం నడుమును అవి అందుకోలేవు. నాలుగు అంగుళాల వ్యాసముండే తొమ్మిది పౌన్ల గుండుకు దర్జీ టేపుతో చుట్టుకొలత తీసి 3.1416తో భాగించడమే దారి. ఆపేసి ఉంచినా బటన్ బ్యాటరీ అయిపోతూనే ఉంటుంది.

గుండుకు వత్తి దూర్చే రంధ్రం కనిపిస్తే మాత్రం కొలతలకు పూనుకోవద్దు. అది డొల్ల గుండు, లోపల మందు ఇంకా ఉండవచ్చు. దాన్ని కదపకుండా పోలీసులకు తెలియజేయాలి.