జెర్సీ వీపు మీద పేరు వేయించే ముందు: హెర్షీ బేర్స్‌తో ఎనిమిది సీజన్లు

అమెరికాలో పెన్సిల్వేనియాలో ఉన్న హెర్షీ ఊరు సంగతి హారిస్‌బర్గ్, మెకానిక్స్‌బర్గ్ వైపు ఉండే తెలుగువాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మొదట తీసుకెళ్ళేది ఆ చాక్లెట్ ఊరికే. అక్కడి ఐస్ హాకీ జట్టు హెర్షీ బేర్స్‌కు సీజన్ టికెట్లు తీసుకోవచ్చా అని ఎవరైనా అడిగితే నా జవాబు ఇది. వాళ్ళాడే జెయింట్ సెంటర్‌లో సీట్లెన్ని, పార్కింగ్ ఎక్కడ అన్నవీ వదిలేస్తున్నాను. 2017 చలికాలం నుంచి మేం బేర్స్ మ్యాచ్‌లు చూస్తున్నాం. కోవిడ్ మింగింది పోగా ఏడు సీజన్ల పైమాటే. ఇన్నేళ్ళలో నాకు తెలిసొచ్చింది ఒక్కటే: ఈ టీమ్‌లో మనకు నచ్చినవాడు మనకు మిగలడు.

రెండో ఏడు జరిగింది చెప్తాను. అప్పటికి మా పెద్దోడికి ఏడేళ్ళు. వాడికి ఒక కుర్రాడు తెగ నచ్చేశాడు. ఒంట్లో పెద్దగా కండ లేదు గానీ, పక్ (ఈ ఆటలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) దొరికితే పాదరసంలా జారిపోయేవాడు. ఒకసారి వార్మప్‌లో ఐస్ చుట్టూ ఉండే అద్దం గోడ మీదుగా మావాడికి పక్ ఒకటి విసిరాడు. ఇంకేముంది! ఇంట్లో అన్నం తినాలన్నా, హోంవర్కు చేయాలన్నా ఆ పేరే మంత్రం. పుట్టినరోజుకు జెర్సీ కావాలన్నాడు. అదీ వెనక పేరు, నంబరు కుట్టించినదే. ఆ నెల ఖర్చుల్లో దేనికి కోత పెట్టాలా అని మా ఆవిడా నేనూ ఒక రాత్రంతా లెక్కలు వేసుకుని, చివరికి ఆర్డర్ ఇచ్చాం.

శుక్రవారం జెర్సీ వచ్చింది. ఆ రాత్రి దాన్నే వేసుకుని పడుకున్నాడు. ఆదివారం మ్యాచ్. ఆటగాళ్ళు వార్మప్‌కు దిగారు, మావాడు అద్దానికి ముక్కు ఆనించి నంబర్లు లెక్కపెట్టుకుంటున్నాడు. వాడి నంబరు రాలేదు. "నాన్నా, జ్వరమొచ్చిందేమో" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. మా వెనక వరసలో ఒక పెద్దావిడ కూర్చునేది. 2002 దాకా వాడిన పాత హాలు రోజుల నుంచీ బేర్స్‌ను చూస్తున్న మనిషి. మావాడి వీపు చూసి, "అయ్యో, పేరు కూడా వేయించారా?" అంది. వాషింగ్టన్ పెద్ద జట్టులో ఎవరికో దెబ్బ తగిలిందట. నిన్న సాయంత్రం ఫోనొచ్చిందట, కుర్రాడు రాత్రికి రాత్రే సంచి సర్దుకుని వెళ్ళిపోయాడట. తర్వాత ఒకసారి వెనక్కి పంపారు గానీ, అప్పుడు మా దగ్గర ఆ వారం టికెట్లు లేవు. ఆ వేసవిలో ఇంకో టీమ్‌కు మార్చేశారు. ఆవిడ జెర్సీ వెనక మాత్రం ఏ పేరూ లేదు. ఆ సంగతి నేను గమనించింది ఆ రోజే.

తప్పు ఎవరిదంటే నాదే. ఏం కొంటున్నానో తెలుసుకోకుండా కొన్నాను. పై లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడే వాషింగ్టన్ క్యాపిటల్స్‌కు బేర్స్ 2005 నుంచి అనుబంధ జట్టు. అక్కడికి కారులో రెండు గంటల పైచిలుకు. పొద్దున అక్కడ మోకాలు బెణికితే సాయంత్రానికి ఇక్కడ లాకర్ ఖాళీ. చాలామందివి రెండు జీతాల కాంట్రాక్టులు: పైన ఆడితే ఒక లెక్క, కింద ఆడితే అందులో ఏ మూలకూ రాని ఇంకో లెక్క. ఇది చాలదన్నట్టు బేర్స్ ఆడే కింది లీగ్ ఏహెచ్‌ఎల్‌లో ఒక నిబంధన ఉంది. గోల్‌కీపర్లు కాక దిగే 18 మందిలో కనీసం 13 మంది 'డెవలప్‌మెంట్' ఆటగాళ్ళయి ఉండాలి. అంటే 260 ప్రొఫెషనల్ మ్యాచ్‌లు దాటని వాళ్ళు, ఒక్కడికి మాత్రం 320 దాకా సడలింపు. కాబట్టి ఒక ఆటగాడు ఇక్కడే తల నెరిపేసుకుందామన్నా చోటు తక్కువ. లీగ్ పనే కుర్రాళ్ళను వండి పైకి వడ్డించడం.

మన రంజీతో పోల్చుకోవచ్చు. ఉప్పల్‌లో హైదరాబాద్ ఆడుతుంటే సిరాజ్ ఉంటాడన్న నమ్మకంతో ఎవరూ బయల్దేరరు. కానీ రంజీలో ఒక ఊరట ఉంది: సిరాజ్ ఎక్కడ బంతి వేసినా హైదరాబాదీయే. ఇక్కడి కుర్రాడు మిన్నెసోటా వాడో, ఒంటారియో వాడో, స్వీడన్ వాడో. హెర్షీతో వాడికున్న చుట్టరికం కాంట్రాక్టు కాగితం ఒక్కటే. నిజం చెప్పాలంటే వాడి మీద నేను కోపం పెంచుకోలేకపోయాను. ఐటీలో ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చుని, ఎప్పుడు ఏ క్లయింటు నుంచి ఫోనొస్తుందో, ఏ ఊరికి సామాను ఎత్తాలో తెలియక నేను గడిపిన నెలలు నాకు గుర్తున్నాయి.

టెడ్డీ బేర్ టాస్ గురించి ఒక మాట. మనవాళ్ళెవరు అడిగినా ముందు దానికే వెళ్ళమని చెప్పేవాణ్ణి. బేర్స్ మొదటి గోల్ కొట్టగానే జనమంతా బొమ్మలు ఐస్ మీదికి విసురుతారు, అవి పిల్లలకు దానం వెళ్తాయి. 2024 జనవరిలో 74,599, మరుసటి ఏడాది 1,02,343. అంకె చదివితే ఏమీ అనిపించదు, బొమ్మల వాన కింద కూర్చుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కాకపోతే లక్ష బొమ్మలు ఎత్తేదాకా ఆట ఆగుతుందని, మర్నాడు బడి ఉన్న పిల్లలతో అది తేలిక కాదని అప్పట్లో చెప్పలేదు. హాకీ చూడాలనుకుంటే బుధవారం మ్యాచ్‌కే వెళ్ళండి.

ఫోను ఒకవైపే మోగుతుందనుకున్నాను చాలాకాలం. 2024 ఎన్‌హెచ్‌ఎల్ ప్లేఆఫ్‌ల్లో వాషింగ్టన్ మొదటి రౌండ్‌లోనే న్యూయార్క్ రేంజర్స్ చేతిలో నాలుగుకు నాలుగు ఓడి ఇంటిదారి పట్టింది. నిజానికి వాళ్ళలో కొందరు పట్టింది మా ఊరి దారి. ఆ సీజన్‌లో చాలా భాగం పైనే ఆడిన హెండ్రిక్స్ లాపియెర్ కిందికొచ్చి, మా ప్లేఆఫ్‌ల్లో ఉత్తమ ఆటగాడయ్యాడు. జూన్ 24న జెయింట్ సెంటర్‌లో కాలిఫోర్నియా జట్టు కోచెల్లా వ్యాలీ మీద ఫైనల్లో ఆరో మ్యాచ్, 5-4, ఓవర్‌టైమ్‌లో మ్యాట్ స్ట్రోమ్ గోల్. ఏహెచ్‌ఎల్ విజేతకిచ్చే కాల్డర్ కప్పు బేర్స్‌కు ఇది పదమూడోది. మా ఆవిడ, హాకీలో ఆఫ్‌సైడ్ ఏమిటో ఇప్పటికీ ఒప్పుకోని మనిషి, పక్కనున్న ముక్కూమొహం తెలియని ఆవిణ్ణి కావలించుకుని ఏడ్చింది.

అంతకుముందు ఏడాది కప్పు మాత్రం నాకు ఇంకా ఇష్టం. ఫైనల్లో ఏడో మ్యాచ్ అదే జట్టు ఊళ్ళో, కాలిఫోర్నియా ఎడారిలో జరుగుతోంది, మేం సోఫాలో దుప్పటి కప్పుకుని చూస్తున్నాం. 0-2తో వెనకబడ్డారు, సమం చేశారు, అర్ధరాత్రి దాటాక ఓవర్‌టైమ్‌లో మైక్ వెక్కియోన్ కొట్టాడు. ముప్పై ఏళ్ళవాడు, ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడింది వేళ్ళమీద లెక్కపెట్టేన్ని మ్యాచ్‌లు. పైనుంచి ఫోన్లు పెద్దగా రాని మనిషి. పెద్దోడు నిద్రకళ్ళతోనే, "నాన్నా, అప్పుడు ఇలాంటివాడి పేరు వేయించుకోవాల్సింది" అన్నాడు.

సీజన్ టికెట్లు తీసుకోవచ్చా అని అడిగితే, మాకు సరిపోయింది. మాది ఇరవై నిమిషాల దారి, టికెట్లు ఖమ్మం వాళ్ళ కుటుంబంతో చెరిసగం పంచుకుంటాం, ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. లాంకాస్టర్ అవతల ఉండేవాళ్ళయితే, మంచులో ఆ రోడ్ల మీద వారానికి రెండుసార్లు రమ్మని నేను చెప్పలేను. ఒక్క ఆటగాడి కోసమే అయితే అసలు వద్దు. 2025 ప్లేఆఫ్‌ల్లో షార్లట్ జట్టు చేతిలో మూడుకు మూడు ఓడాక మాకూ కొంచెం మనసు విరిగింది. అయినా టికెట్లలో మా వాటా కట్టేశాను, ప్రాజెక్టు డిసెంబరు దాకా ఉందన్న ధైర్యంతో.

పాత జెర్సీ ఇప్పుడు చిన్నదానికి సరిపోతోంది. దానికి ఆరేళ్ళు, వెనకున్న పేరు ఎవరిదో తెలియదు. తనకు సొంతంగా ఇంకోటి కావాలని, దాని వెనక మస్కట్ ఎలుగుబంటి కోకో పేరు కుట్టించాలని పేచీ పెడుతోంది. కోకోకైతే వాషింగ్టన్ నుంచి ఫోను రాదు కాబట్టి, ఈసారి మా ఆవిడ కూడా కాదనలేదు.