ఏడాది దినానికి ఉగ్గాణి, ఓళిగలు వండిన పాతూరు మాస్టర్

అనంతపురంలో పెద్దకర్మకో ఏడాది దినానికో వంటవాళ్ల కోసం వెతుక్కునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఈ వంట మాస్టర్‌కు బోర్డు లేదు, కార్డు లేదు. పాతూరులో ఉంటాడు. ఆ వైపు పెళ్లిళ్లు చేసినవాళ్లను ఎవరినడిగినా ఫోన్ నంబరిస్తారు. మా ఆయన ఏడాది దినానికి ఈయన చేతనే వండించాం.

మా ఆయన ఆర్టీసీలో డ్రైవరు. సర్వీసులో ఎక్కువ భాగం బెంగళూరు బండే నడిపాడు. రాత్రి డ్యూటీలో నిద్ర రాకుండా జర్దా వేసుకునేవాడు. దవడ లోపల పుండు లేచి ఎంతకూ మానకపోతే బెంగళూరు కిద్వాయ్ ఆస్పత్రిలో చూపించాం, క్యాన్సరని తేలింది. రేడియేషన్ వారానికి 5 రోజుల చొప్పున 7 వారాలు ఇచ్చారు. తను పగలూ రాత్రీ నడిపిన రోడ్డు మీదే సీట్లో తల వాల్చుకొని వెళ్లేవాడు. కళ్లు మూసుకొనే, ఇది పెనుకొండ, ఇది కొడికొండ చెక్‌పోస్టు అని చెప్పేవాడు. నోట్లో ఊట ఆగిపోయింది, రుచి పోయింది. ఏం పెట్టినా మట్టి తిన్నట్టుంది అనేవాడు. చివర్లో ముక్కు గొట్టంతోనే గంజి, పాలు. అంత తిండి ప్రియుడు, బొరుగులతో చేసే ఉగ్గాణి, బజ్జీ కనబడితే బస్సు దిగే మనిషి, ఆకలితోనే పోయాడు. ఆ బాధ ఇంకా నా గొంతులోనే ఉంది.

అందుకే ఏడాది దినానికి ఆయనకు ఇష్టమైనవే అందరికీ పెట్టాలనుకున్నాను. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. "దినానికి ఉగ్గాణి ఏంది, టిఫిన్ సెంటరా?" అన్నారు మా బావగారు. నా కొడుకు నా పక్కన నిలబడ్డాడు కాబట్టి సరిపోయింది.

ముందు ఒక పెద్ద క్యాటరింగ్ వాళ్ల దగ్గరికి వెళ్లాం. వాళ్లు మూడు రకాల ప్యాకేజీల కాగితం చేతిలో పెట్టారు. అందులో లేనిది చేయలేమన్నారు. జొన్నరొట్టె అడిగితే, "ఇప్పుడెవరు తింటారు మేడమ్, రుమాలీ రోటీ పెడదాం" అన్నారు. లేచి వచ్చేశాం.

మాస్టర్ మా ఇంటికే వచ్చాడు. కుర్చీలో కూడా కూర్చోలేదు, వంటింటి గడప దగ్గర నిలబడి అడిగాడు. "సారు బజ్జీని ఉగ్గాణిలో నలుపుకొని తినేవాడా అమ్మా, పక్కన పెట్టుకొని కొరుక్కునేవాడా?" నలుపుకొనే తినేవాడని చెప్పాను. "అయితే మిరపకాయ సన్నది తీసుకుందాం, పిండి పలుచగా పట్టిద్దాం" అన్నాడు. మా ఆయన పోయాక మా ఇంటికి వచ్చినవాళ్లందరూ జబ్బు గురించే అడిగారు. ఎప్పుడు తెలిసింది, ఎన్నో స్టేజి, ఎంత ఖర్చయింది. ఆయన ఎట్లా తినేవాడని అడిగిన మొదటి మనిషి ఇతనే.

నూరు మందికి పైగా ఉగ్గాణి చేయడం తేలిక కాదు. బొరుగులు ఒకేసారి నానేస్తే ముద్దయిపోతాయి. ఈయన ఇద్దరు పిల్లగాళ్లను బకెట్ల దగ్గర కూర్చోబెట్టి, ఒక్కో జల్లెడ బొరుగులు నీళ్లలో ముంచి వెంటనే తీయించి, పిండించి, గుడ్డ మీద పరిపించాడు. ఎర్రగడ్డలు, పచ్చిమిరప నూరిన ముద్ద, పసుపు వేసిన తాలింపులో వాటిని కొంచెం కొంచెంగానే కలిపాడు. పుట్నాలపప్పు, ఎండుకొబ్బరి పొడి దించాకనే చల్లాడు, పంక్తి కూర్చునేముందు నిమ్మకాయ పిండాడు. చివరి పంక్తి దాకా బొరుగు బొరుగు విడివిడిగా ఉంది. సమాధి దగ్గర పెట్టాల్సింది ముందే వేరే ఆకులో తీసి పెట్టి, మిగిలినదాంట్లో పిడికెడు దొప్పలో వేసి నాకిచ్చాడు. "కారం సరిపోయిందో లేదో మీరే చెప్పాలమ్మా." మా వాళ్లు నన్ను లోపల గదిలో కూర్చోమన్నారు ఆరోజు. ఆ మాట విన్నాక నేను పొయ్యిల దగ్గరే ఉన్నాను, ఎవరూ ఏమీ అనలేదు.

మధ్యాహ్నానికి జొన్నరొట్టె, గుత్తివంకాయ, రాగిసంగటి, ఆకుకూర పప్పు, రోట్లో నూరిన చెనిక్కాయల చట్నీ, అలసంద వడలు, ఓళిగలు, నెయ్యి. వంకాయ బాగుంది. పప్పు మామూలే. ఓళిగ మాత్రం పట్టుకుంటే వేళ్ల మధ్య వేలాడేంత పలుచగా, అంచుదాకా పూర్ణంతో వచ్చింది. మా ఆయన నాలుగు తిని ఐదోది అడిగేవాడు, అది ఇట్లాంటిదే. భోజనం తర్వాత వక్కాకు వద్దన్నాను. జర్దా లేకపోయినా వక్క కూడా నోటి క్యాన్సర్ తెచ్చేదేనని డాక్టరమ్మ చెప్పింది. మాస్టర్ మారు మాట్లాడకుండా అరటిపండు, సోంపు పెట్టించాడు. డిపో నుంచి వచ్చిన డ్రైవర్లకు నేనే చెప్పాను, రెండు మూడు వారాలైనా నోట్లో పుండు మానకపోతే ఆగొద్దని.

తింటూ తింటూ వాళ్లు మాటల్లో పడ్డారు. ఆయనతో డ్యూటీ చేసిన కండక్టరు చెప్పాడు, హోటలు దగ్గర బండి ఆపగానే మా ఆయన వెనక్కి తిరిగి ప్యాసింజర్లకు అరిచేవాడట, "ఇక్కడ టీ తాగండి, ఇడ్లీ మాత్రం ముట్టుకోవద్దు" అని. ఒకసారి హోటలాయన గొడవకొస్తే, "ఇడ్లీ మంచిగా చెయ్, అదే గొంతుతో తినమని చెప్తా" అన్నాడట. నాకు ఇన్నేళ్లూ తెలియని సంగతి. ఉగ్గాణి వద్దన్న మా బావగారే, చిన్నప్పుడు తమ్ముడు సంతలో బొరుగుల మూటలో చెయ్యి పెట్టి దొరికిపోయిన కథ ఎత్తుకున్నాడు. ఆరోజు పందిట్లో జబ్బు మాట ఎక్కడా వినబడలేదు. నాకు కావాల్సింది అదే, ఆ వంటే తెచ్చిపెట్టింది.

లోపాలూ చెప్పాలి. తెల్లవారుజామున వస్తానని చెప్పి గంటకు పైగా ఆలస్యంగా వచ్చాడు, అప్పటిదాకా మా అబ్బాయికి ఒకటే టెన్షన్. మజ్జిగ మరీ పలుచన. వడ్డించేవాళ్లను తీసుకురాడు, మన పిల్లలే వడ్డించుకోవాలి. ఫోన్ ఒకసారికి ఎత్తడు. బిల్లు అడిగితే చీటీ మీద రాసిస్తాడు. ఓళిగలు ఆఖరి పంక్తికి అయిపోయాయి, కొందరికి సగం సగమే దక్కింది.

డబ్బు విషయంలో గట్టి మనిషి కాదు. సరుకులు మనవైతే కూలి మాత్రమే తీసుకుంటాడు, మేం అట్లాగే చేశాం. ముందే సరుకుల చీటీ రాసిచ్చాడు, దాంట్లో మిగిలిపోయిందీ చాలనిదీ పెద్దగా లేదు. మిగిలిన శనగపప్పు, బెల్లం మూటగట్టి మా చేతికే ఇచ్చి వెళ్లాడు.

ఉగాది ముందు, పెళ్లిళ్ల రోజుల్లో దొరకడు, నెల ముందే చెప్పుకోండి. ఫోన్‌లో కాకుండా ఇంటికి పిలిపించి మాట్లాడండి. మీ మనిషి ఏం తినేవాడో, ఎట్లా తినేవాడో దాచుకోకుండా చెప్పండి, వింటాడు. ఓళిగలు మాత్రం మనిషికి మూడు లెక్కన చెప్పండి.