బేస్ గిటార్‌కు బ్యాగ్ కొంటున్నారా? ముందు అడుగు భాగం తడిమి చూడండి

‘20 మిల్లీమీటర్ల ఫోమ్, పూర్తి రక్షణ’ అన్న మాట నమ్మి, 1,850 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో ఒక గిగ్ బ్యాగ్ (గిటార్‌ను వీపున మోసే మెత్తటి గుడ్డ సంచి) తెప్పించుకున్నాను. ఆరు వారాలు తిరక్కముందే, ఆ బ్యాగులో ఉండగానే నా బేస్ గిటార్ అడుగున చెక్క చీలింది. బాగు చేయించడానికి బ్యాగ్ ధరకు రెట్టింపు పైనే అయింది. అమ్మినవారి పేరు రాయడం లేదు. అదే ఫోటోతో, అదే వర్ణనతో ఆ బ్యాగ్ నాలుగైదు రకాల పేర్ల మీద అమ్ముడవుతోంది. ఒక పేరు చెబితే మిగతావి మంచివని మీరు అనుకునే ప్రమాదం ఉంది.

జరిగింది ఇది. నేను గుంటూరులో, చర్చిలో బేస్ వాయిస్తాను. డిసెంబరులో తెనాలిలో క్రిస్మస్ కార్యక్రమం ముగించుకుని రాత్రి బస్సులో తిరిగి వచ్చాను. బస్సు దిగి బ్యాగ్ వీపున వేసుకుంటుంటే కుడి పట్టీ పైకుట్టు ‘పర్ర్’మని ఊడింది. బ్యాగ్ నా నడుము ఎత్తు నుంచి జారి, నిలువుగా సిమెంటు మీద పడింది. మహా అయితే మూడడుగుల ఎత్తు. పెద్ద చప్పుడు కూడా రాలేదు. ఇంటికెళ్లి తెరిచి చూస్తే, పట్టీ తగిలించే అడుగు బటన్ ఒక పక్కకు ఒరిగి ఉంది. దాని మేకు చుట్టూ రంగు పెచ్చులూడి, బాడీ మీదకు వేలెడు పొడవున వెంట్రుకలాంటి చీలిక పాకింది.

కోపం ఆగలేదు. మర్నాడు కత్తెర తీసుకుని బ్యాగ్ కుట్లు విప్పాను. పక్కలకూ వెనక్కూ ఫోమ్ ఉంది. స్కేలు పెడితే 20 మిల్లీమీటర్లే చూపించింది, అబద్ధం ఏమీ లేదు. కానీ బొటనవేలితో చూపుడువేలితో కలిపి నొక్కితే రెండు వేళ్లూ దాదాపు తగులుతున్నాయి. అంట్లు తోమే స్పాంజి లాంటి సరుకు. ఇక అడుగున? గుడ్డ, ఒక అట్టముక్క, మళ్లీ గుడ్డ. అంతే. నాలుగు కిలోల గిటార్ నిలువుగా పడితే బరువంతా దిగేది రూపాయి బిళ్లంత కూడా లేని ఆ బటన్ మీద. దాని కింద వీళ్లు పెట్టింది స్వీట్ల డబ్బా అట్ట.

అక్కడ ఫోమ్ ఎందుకు పెట్టలేదో టేపు పెట్టి కొలిచాక అర్థమైంది. పేజీలో రాసిన 47 అంగుళాలు బ్యాగ్ బయటి కొలత. నా గిటార్ పొడవు 46న్నర. అడుగున, తల దగ్గర ఫోమ్ పెట్టి ఉంటే అసలు జిప్పే పడేది కాదు. కొత్తలో ‘భలే బిగుతుగా, కదలకుండా సరిపోయింది’ అని మురిసిపోయాను చూడండి, ఆ సరిపోవడం వెనక ఉన్న రహస్యం అదే. రెండో వారానికే బ్యాగ్ అడుగున బయటికి చిన్న బొడిపె కనిపించింది. బటన్ గుడ్డను పొడుస్తోందని నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

కాబట్టి ముందు మీ గిటార్‌ను తల కొస నుంచి అడుగు బటన్ కొస దాకా కొలవండి. 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ వచ్చినప్పటి నుంచి 34 అంగుళాల స్కేలే (అంటే తీగ మోగే పొడవు) ఎక్కువగా వాడుకలో ఉంది. తల, బాడీ కలుపుకొంటే అది 46, 47 అంగుళాలకు తేలుతుంది. అమ్మేవారిని లోపలి పొడవు ఎంతో రాతపూర్వకంగా అడగండి. అది మీ గిటార్ కన్నా కనీసం అంగుళం ఎక్కువ ఉండాలి. ‘అన్ని గిటార్లకూ సరిపోతుంది’ అని రాసి ఉంటే ఇక ముందుకు వెళ్లొద్దు. 41 అంగుళాల అకౌస్టిక్ గిటార్‌కు కుట్టిన బ్యాగులో బేస్ తల బయటే ఉంటుంది.

దుకాణానికి వెళ్లి కొనగలిగితే అదే మేలు. చెయ్యి లోపలికి పెట్టి అడుగు తడమండి. గట్టి ఫోమో, రబ్బరు దిమ్మో చేతికి తగలాలి. మెడ కింద ఆనడానికి ఒక దిమ్మె, పైనుంచి బిగించే పట్టీ ఉంటే, బ్యాగ్ వెల్లకిలా పడినా తల నేలకు కొట్టుకోదు. తల వెనక్కి వంగి ఉండే రకం గిటార్లకు ఇది తప్పనిసరి. అవి విరిగేది సరిగ్గా మెడ దగ్గరే. భుజం పట్టీ బ్యాగుకు కలిసే చోటు చూడండి: చదరంగా కుట్టి, మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తులా మళ్లీ కుట్టి ఉండాలి. నా బ్యాగుకు ఒకే ఒక్క వరస కుట్టు ఉంది. వాన సంగతి, జిప్ సంగతి ఇంటి దగ్గర సరిచేసుకోవచ్చు. కుట్టు సంగతి అలా కాదు, నడిరోడ్డు మీద బయటపడుతుంది.

అమ్మినవారికి ఫోటోలు పంపాను. ‘వాపసు గడువు ఏడు రోజులు, లోపలి వస్తువుకు మా బాధ్యత లేదు’ అని రెండు ముక్కల్లో జవాబిచ్చారు. కొనేటప్పుడు ఆ నిబంధన చదవకపోవడం నా తప్పే.

ఇప్పటికే ఇలాంటి బ్యాగ్ తెప్పించుకుని గడువులో ఉన్నవారు ఈ రాత్రికే గిటార్ అందులో పెట్టి, మంచం మీద నిలబెట్టి, అడుగున చెయ్యి వేసి చూడండి. బటన్ వేలికి తగిలితే వెంటనే తిప్పి పంపేయండి. గడువు దాటిపోతే, యోగా చాప ముక్క నాలుగు మడతలు వేసి అడుగున పెట్టండి. అది పెట్టాక జిప్ పడకపోతే ఆ బ్యాగ్ మీ గిటార్‌ది కాదు. నాది ఇప్పుడు మైకు స్టాండ్లు మోస్తోంది.