బందరా, కాకినాడా?

రెండూ తీరపట్నాలే. కానీ బందరుది పాత వైభవం, కాకినాడది ఇప్పటి సంపాదన.

గోల్కొండ సుల్తానుల కాలంలో బందరే, అంటే మచిలీపట్నమే పెద్ద రేవు. ఇంగ్లీషువాళ్లు 1611లోనే ఇక్కడ వర్తకం మొదలుపెట్టారు. వాళ్లను రప్పించింది కలంకారీ గుడ్డలే. పక్కనున్న పెడనలో ఇప్పటికీ గుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెట్టి, ఎండబెట్టి, టేకు అచ్చులతో అద్దుతారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లు ఆ గుడ్డకు తగలగానే నల్లబడతాయి. ఎన్నిసార్లు చూసినా గారడీలాగే ఉంటుంది నాకు. అయితే 1864 ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ దెబ్బ నుంచి ఊరు పూర్తిగా కోలుకోలేదు.

కాకినాడకు ప్రకృతి సాయం ఉంది. గోదావరి మేట వేసిన ఇసుకతో ఏర్పడ్డ హోప్ ఐలాండ్ అలలకు అడ్డుగోడలా నిలుస్తుంది. అందుకే ఓడలు సముద్రంలోనే లంగరేసుకుంటే, బార్జీల మీద బియ్యం బస్తాలు వాటి దగ్గరకు వెళ్తాయి. ఎరువుల ఫ్యాక్టరీ కూడా ఇక్కడ ఉంది. ఉద్యోగం కావాలంటే కాకినాడే, అందులో డౌట్ లేదు.

1923లో మాత్రం రెండూ సరిసమానం: బందరులో ఆంధ్రా బ్యాంకు పుట్టింది, కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది.

ఇక తిండి సంగతి. కొరకగానే పాకం కారే కాకినాడ గొట్టం కాజా గొప్పదే. నా ఓటు మాత్రం రోకటితో దంచి చేసే బందరు తొక్కుడు లడ్డుకే. కాకినాడ వాళ్లు ఏమీ అనుకోవద్దు!