మర్నాడు పొద్దున వేసే అంకె: నడుం నొప్పికి రెండున్నరేళ్ల వ్యాయామం

నడుం వ్యాయామాల్లో సైడ్ ప్లాంక్ ఎలా చేయాలో, బర్డ్ డాగ్‌లో ఏ చెయ్యి ఏ కాలు లేపాలో అందరికీ తెలిసిందే కాబట్టి ఆ జోలికి వెళ్లను. క్రికెట్‌లో బౌలింగ్ చేసే నేను నడుం నొప్పికి రెండున్నరేళ్లుగా చేస్తున్న ఈ వ్యాయామ చికిత్సలో నాకు బాగా నచ్చింది వ్యాయామం కాదు, ఒక చిన్న నోట్‌బుక్.

ఫిజియో మొదటి రోజే చెప్పిన లెక్క ఇది. చేస్తున్నంతసేపూ నొప్పి పదికి ఎంతుందో రాయాలి. నాలుగు దాకా ఉన్నా భయం లేదు, కానీ మర్నాడు పొద్దునకల్లా మామూలు అంకెకి దిగిపోవాలి. దిగితే బరువు కొంచెం పెంచాలి. దిగకపోతే ఒక మెట్టు తగ్గించాలి. తగ్గించడమే, మానడం మాత్రం లేదు. అంతకుముందు మూడేళ్లు నాది ఒకటే పద్ధతి: నొప్పి రాగానే మంచం, తగ్గగానే మైదానం. నెల తిరక్కుండా మళ్లీ మంచం. నొప్పి ఉండగానే కదలొచ్చని ఒకరు చెప్పడం అదే మొదలు. ఆ మాటకే సగం టెన్షన్ పోయింది.

మొదట్లో నా పొద్దుటి అంకెలన్నీ ఐదూ ఆరే. ‘ఏం చేస్తూ రాస్తున్నారు?’ అని అడిగారు ఫిజియో. లేచి, సాక్సులు వేసుకుని, రాస్తున్నానన్నాను. ఆవిడ నవ్వారు. రాత్రంతా పడుకుని ఉంటే వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయట. లేచిన తొలి గంటలో నడుం వంచితే ఎవరికైనా బిగుతుగానే ఉంటుంది. కాసేపు అటూ ఇటూ నడిచాక రాయడం మొదలుపెడితే అంకె నాలుగుకి దిగింది. నేను చేసిన వైద్యం ఏమీ లేదు, సాక్సులు కాస్త ఆలస్యంగా వేసుకున్నానంతే.

ఎనిమిదో నెలకి పొద్దున అంకె రెండు. డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి బరువెత్తడం) 60 కిలోలు, నెట్స్‌లో వారానికి 40 బంతులు. సరిగ్గా అప్పుడే టోర్నమెంట్ వచ్చింది. ఎనిమిది రోజుల్లో మూడు మ్యాచ్‌లు, నెట్స్‌తో కలిపి 130 బంతుల పైమాటే. రెండో మ్యాచ్ మర్నాడు లేచేసరికి నడుం కర్రలా ఉంది. 5 అని రాశాను. కాసేపు దానివంకే చూసి, పెన్నుతో దిద్ది 3 చేశాను. ఆ నోట్‌బుక్ నేను తప్ప ఎవరూ చూడరు. అయినా దిద్దాను.

మూడో మ్యాచ్‌లో ఓవర్లన్నీ బాగానే పడ్డాయి. స్పెల్ అయిపోయి ఫైన్ లెగ్‌కి వెళ్లాక షూ లేసు ఊడిందని వంగాను. కలుక్కుమంది. మోకాళ్ల మీద రెండు చేతులూ పెట్టుకుని అలాగే ఉండిపోయాను. బంతి నా పక్కనుంచే బౌండరీకి పోయింది. ఓవర్లు ఆపినందుకు అలిగాననుకుని కెప్టెన్ దూరంనుంచి తిడుతున్నాడు. లేవలేకపోతున్నానని అరవడానికి కూడా భయమే, అరిస్తే నడుం లాగుతుందని.

ఫిజియో నోట్‌బుక్ తిరగేసి ఆ 3 దగ్గర ఆగారు. ఏమీ అనలేదు. ‘ఆ వారం ఎన్ని బంతులు వేశారు?’ అని మాత్రం అడిగారు.

ఆశ్చర్యమంతా ఆ తర్వాతే. మర్నాడే నడవమన్నారు, నాలుగో రోజు నుంచి అవే వ్యాయామాలు, కొలత సగం. పదకొండో రోజుకి అంకె మళ్లీ రెండు. ఇదివరకు ఇలా పట్టేస్తే ఐదారు వారాలు పోయేవి.

కోలుకున్న ఊపులో డ్రెస్సింగ్ రూమ్‌లో అందరికీ సైడ్ ప్లాంకే మందని చెప్పుకుతిరిగాను. ఇప్పుడంత గట్టిగా అనను. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 249 ప్రయోగాలను కలిపి చూసిన 2021 నాటి సమీక్షలో, ఏ చికిత్సా తీసుకోనివాళ్లు, మామూలు వైద్యం తీసుకున్నవాళ్లతో పోలిస్తే వ్యాయామం చేసినవాళ్లకి నొప్పి సగటున వందకి 15 పాయింట్ల దాకా తక్కువగా ఉంది. మంచిదే, మహిమ మాత్రం కాదు. పైగా వాళ్లలో ఎక్కువమంది ఆటగాళ్లు కారు. నాకు ఆరు నుంచి రెండుకి తగ్గిందంటే, నొప్పి బాగా ముదిరినప్పుడు మొదలుపెట్టాను కాబట్టి కొంత దానంతటదే తగ్గేదేమో. నోట్‌బుక్ కూడా అంత అమాయకమైంది కాదు. ఏడాదయ్యేసరికి లేవగానే నొప్పి ఎక్కడుందా అని వెతుక్కోవడం అలవాటైపోయింది. ఇప్పుడు వారానికి రెండుసార్లే రాస్తున్నాను.

నా సంగతి వేరని కూడా చెప్పాలి. వయసు 34. ఎమ్మారైలో ఎల్5-ఎస్1 దగ్గర, అంటే నడుం అడుగున, డిస్కు కొంచెం ఉబ్బింది, నొప్పి లేనివాళ్లలో కూడా చాలామందికి కనిపించేదే. కాళ్లలోకి తిమ్మిరి పాకలేదు. మీరు ఇరవై లోపు ఫాస్ట్ బౌలరై, వెనక్కి వంగితే నడుం ఒక పక్కనే, ముఖ్యంగా బంతి వేసే చేతికి అవతలి పక్క నొప్పెడుతుంటే ముందు స్కాన్ తీయించండి. స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నని పగులు) అయితే నెలల తరబడి బౌలింగ్ ఆపాల్సిందే, అంకెలు పనికిరావు. కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య స్పర్శ పోయినా, మూత్రం అదుపు తప్పినా నోట్‌బుక్ తెరవకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

నిన్న 30 బంతులు వేశాను, ఇవాళ పొద్దున 2. శనివారం మ్యాచ్‌లో ఎనిమిది ఓవర్లు వేయమంటున్నాడు కెప్టెన్. ఐదే అన్నాను. ఇంకా ఒప్పుకోలేదు.