టేకు ప్యానెళ్ల మీద వాటర్ ఎనామిల్: 2021లో వేయించింది ఇప్పుడెలా ఉంది?

ముందే చెప్పేస్తా, హాల్లో వేయించిన వాటర్ ఎనామిల్‌కే, అంటే నీళ్లతో పలచన చేసి వేసే ఎనామిల్ రంగుకే, నా ఓటు. పూజ గదిలో వేయించిన, టర్పెంటైన్‌తో పలచన చేసే ఆయిల్ ఎనామిల్ మళ్లీ వేయించను.

మాది తిరుపతి, ఎం.ఆర్.పల్లి. హాల్లో ఒక గోడ నిండా, పూజ గదిలో మూడు వైపులా టేకు ప్లైవుడ్ ప్యానెళ్లు, మధ్యమధ్య టేకు బీడింగ్ (సన్నని చెక్క పట్టీలు). ఇల్లు కట్టినప్పుడు నాన్న ముచ్చటపడి చేయించారు. పాలిష్ నల్లబడి పట్టపగలే లైటు వేసుకోవాల్సి వచ్చేది. పీకేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. 2021 ఎండాకాలంలో రెండు చోట్లా తెల్ల రంగు వేయించాం. వాటర్ ఎనామిల్ ఖరీదు ఎక్కువని పూజ గదికి మామూలు ఆయిల్ తెచ్చాం. మేస్త్రి ఒక్కడే, చెక్క ఒక్కటే కాబట్టి రెంటినీ పక్కపక్కన చూసే వీలు దొరికింది.

ఆయిల్ రంగు రెండో ఏడాదికే పసుపెక్కింది. దీపం పొగ అనుకున్నాం. జనవరిలో పాత టీటీడీ క్యాలెండర్ తీసి కొత్తది తగిలిస్తుంటే అసలు సంగతి బయటపడింది. క్యాలెండర్ చాటున ఉన్న చోటే పసుపు ఎక్కువ, అదీ నలుచదరంగా గీత గీసినట్టు! పొగ అక్కడికెలా పోతుంది? ఆయిల్ ఎనామిల్‌లో ఉండే ఆల్కిడ్ అనే జిగురు పదార్థానికి వెలుతురు తగలకపోతే పసుపెక్కే గుణం ఉందట. కిటికీ పక్క ప్యానెల్ మాత్రం ఇప్పటికీ తెల్లగానే ఉంది. హాల్లోనూ క్యాలెండర్ ఉంది, తీసి చూస్తే కింద ఏ తేడా లేదు.

వాటర్ రంగుతో టెన్షన్ అంతా మొదట్లోనే. ఎమ్రీ కాగితం పట్టి పాలిష్ మెరుపు పోగొట్టి ప్రైమర్ కొడితే, ఆరేసరికి అక్కడక్కడా టీ ఒలికినట్టు గోధుమ రంగు మరకలు. టేకులో ఉండే రంగు నీళ్లకు కరిగి పైకి ఊరుతుంది. "ఇంకో రెండు కోట్లు కొట్టినా ఆగదు సార్, లక్క కొట్టాల" అన్నాడు మేస్త్రి. స్పిరిట్‌లో కరిగించిన లక్క ఒక చేయి వేసి, దాని మీద మళ్లీ ప్రైమర్ కొట్టాక మరకలు ఆగాయి. ఇన్నేళ్లలో ఒక్క బీడింగ్ మూల దగ్గర మాత్రం లేతగా కనిపించింది. లక్క ఖర్చు దండగ అనేవాళ్ల మాట వినకండి.

మన ఎండల్లో ఇంకో తంటా ఉంది. వాటర్ రంగు త్వరగా ఆరిపోతుంది, కుంచె గీతలు అలాగే నిలిచిపోతాయి. మేస్త్రి ఫ్యాన్ ఆపించి, పొద్దున్నే పని మొదలుపెట్టి, ముందు గాడుల్లో చిన్న కుంచెతో, వెంటనే చదునుగా ఉన్న చోట ఫోమ్ రోలర్‌తో లాగాడు. మిట్టమధ్యాహ్నం వేసిన రెండు ప్యానెళ్ల మీద గీతలు ఇప్పటికీ పక్క వెలుతురులో కనిపిస్తాయి. వాసన మాత్రం దాదాపు లేదు. ఆ రాత్రి హాల్లోనే పడుకున్నాం. పూజ గది టర్పెంటైన్ వాసన పోవడానికి చాలా రోజులు పట్టింది.

పైపైన గంటలో ఆరినా ఈ రంగు లోపల గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఆలోగా సోఫా వీపు ఆనుకున్న చోట అంటుకుని పొర లేచింది. ఆ తర్వాత ఫిర్యాదు లేదు. స్విచ్ బోర్డు చుట్టూ చేతి మరకలు, పిల్లల పెన్సిల్ గీతలు సబ్బు నీళ్ల గుడ్డతో పోతున్నాయి. తెలుపు కాస్త మెరుపు తగ్గిందంతే.

2021 నవంబరు వరదల్లో నీళ్లు హాల్లోకి రాలేదు గానీ గోడ తేమ పీల్చింది. ప్యానెళ్ల అడుగున రంగు బుడగలు కట్టింది, ప్లై పొరలు విచ్చుకుంది. వెనక నుంచి తేమ వస్తే ఏ రంగూ నిలవదు కాబట్టి దీన్ని రంగు లెక్కలో వేయను. అడుగు భాగం కోయించి గ్రానైట్ స్కర్టింగ్ పెట్టించాం.

పాత ఎనామిల్ ఉన్న ప్యానెళ్లకు వేయించేవాళ్లు ఒకటి గమనించండి. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు రంగైతే పొడిగా రుద్దకుండా వాటర్ పేపర్‌తో (తడిపి వాడే ఎమ్రీ కాగితం) తడిపి రుద్దించండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

వచ్చే ఎండాకాలం పూజ గదికీ వాటర్ ఎనామిలే. ఆయిల్ మీద నేరుగా పట్టదు కాబట్టి మళ్లీ ఎమ్రీ, ప్రైమర్ తప్పవు. అన్నాళ్లు దేవుడి పటాలు ఎక్కడ పెట్టాలన్న దాని మీద అమ్మకూ నాకూ ఇప్పటికే వాదన నడుస్తోంది.